అమ్మోరు కట్టమనని గోడ

గోడకు అవతలి నుంచి పడిన మూడో దెబ్బకు సున్నం పెచ్చు ఒకటి ఊడి, తిన్నగా వచ్చి గంగాలమ్మ పొయ్యి మీద ఉడుకుతున్న ఎండు నెత్తళ్ల పులుసులో పడింది.

"ఒలమ్మో, నా పులుసు!" అని గంగాలమ్మ గరిటెతో సహా గోడ దగ్గరికి పరుగెత్తింది. "వదినా! ఏటి సేత్తన్నావ్? పిచ్చి గానీ పట్టిందేటి?"

"పిచ్చి పట్టనేదు. గునపం పట్టుకున్నాను," అంది అవతలి నుంచి చిట్టమ్మ. ఆ మాట వెంటే నాలుగో దెబ్బ.

ఈ దెబ్బకు గోడ మీద పసుపు రాలింది. అవును, పసుపే. సముద్రపు ఒడ్డున ఉన్న జాలారిపేటలో ఈ ఇంటిని రెండు పొయ్యిల ఇల్లు అంటారు. ఒకే కప్పు, మధ్యలో గోడ. ఇటుపక్క నూకాలు, అతని భార్య గంగాలమ్మ. అటుపక్క నూకాలు అక్క చిట్టమ్మ, ఆమె సంసారం. ఆ గోడ కట్టమన్నది సాక్షాత్తూ అమ్మవారేనని పద్దెనిమిదేళ్లుగా పేటంతా నమ్ముతోంది. అమ్మవారి పండగ రోజున గంగాలమ్మ ఒంటి మీదికి వచ్చి, "ఒక పొయ్యి రెండు కావాల, ఇంటి మధ్యన గోడ లేవాల, ఈ పొయ్యి కూర ఆ ఇంట్లోకి దాటకూడదు" అని ఆజ్ఞాపించిందని అందరూ కళ్లారా చూశారు. నూకాలు ఏటా ఆ గోడకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడుతున్నాడు.

నిన్న సాయంత్రం గంగాలమ్మ, ఆరు నెలలుగా తాను వెళ్తున్న క్రైస్తవ ప్రార్థన మందిరంలో మైకు పుచ్చుకుంది. ఆదివారం ఉదయం సముద్రంలో బాప్తిస్మం తీసుకునేవాళ్లు తలా రెండు నిమిషాలు సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు అన్నారు. ఈవిడ ఇరవై నిమిషాలు చెప్పింది. ఆ రోజు తనకు ఏ పూనకమూ రాలేదని, వేరు కాపురం కోసం అమ్మవారి పేరు చెప్పి అబద్ధమాడానని, ప్రభువు తన పాపాన్ని క్షమించాడని చెప్పి భోరున ఏడ్చింది. మందిరం మీద నాలుగు దిక్కులకూ నాలుగు మైకు బాకాలున్నాయని ఆ ఏడుపులో గుర్తుకు రాలేదు పాపం. చిట్టమ్మ వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి మొత్తం వింది.

ఇదిగో, తెల్లారేసరికి గునపం.

"అప్పా! ఆపప్పా!" అని అక్కను కేకేస్తూ నూకాలు వీధిలోంచి పరుగెత్తుకొచ్చాడు. వేట నిషేధం రోజులు కావడంతో పడవ ఒడ్డున ఉంది, అతను అరుగు మీద వల బాగు చేసుకుంటున్నాడు. "పసుపు రాసిన గోడ అప్పా అది!"

"ఎవులు రాయమన్నారు?"

"అమ్మోరు..." అనబోయి నూకాలు ఆగి, పెళ్లాం వంక చూశాడు.

"ఆ, సెప్పు. ఎవులు?" అంది గోడ అవతలి గొంతు.

నూకాలు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "పద్దెనిమిది కొబ్బరికాయలు కొట్టేనే గోడకి! పొద్దున్నే ఒడ్డుకెల్తే నన్ను గోడదేవుడి పూజారీ అంటన్నారు."

"నాను కొట్టమన్నానా?" అంది గంగాలమ్మ.

"మరి అమ్మోరివి నువ్వే గదే!"

గోడ అవతల కిసుక్కున నవ్వు వినిపించింది. అది చిట్టమ్మది కాదు, ఆమె కూతురు చంద్రికది. చంద్రిక బ్యాంకు పరీక్షలకు తయారవుతోంది. ద్వారకా నగర్‌లో కోచింగ్‌కు వెళ్లే బస్సు ఎనిమిదిన్నరకు. ఈ రోజు ఆ బస్సు తప్పిపోయినా ఫరవాలేదన్నట్టు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని, వీధి చుట్టూ తిరిగి వచ్చి మేనమామ గుమ్మంలో నిలబడింది.

"నువ్వు మందిరానికెల్తానంటే నానేనాడైనా వద్దన్నానా?" అన్నాడు నూకాలు. అతనికి కోపం కంటే దిగులు ఎక్కువగా ఉంది. "నీ ప్రభువు నీకు, నా అమ్మోరు నాకు. నీ ప్రభువు కాడ నువ్వు సెప్పుకున్నావు, ఆయన క్షమించీసేడు, బాగుంది. మరి నా అమ్మోరికి ఎవులు సెప్తారే? నానెల్లి ఏటని సెప్పాల? అమ్మా, మా ఆడది నీ పేరు వాడీసుకుంది, ఏటీ అనుకోకు తల్లీ, అని సెప్పాలా?"

"నాను తప్పు సేసేననే గదా మైకులో ఏడ్సేను!"

"ఏడిసినావు. పెందుర్తి దాకా ఇనపడింది."

గంగాలమ్మ అతన్ని వదిలేసి గోడకు మొహం ఆనించింది. బీట పడిన చోట వేలు పట్టేంత సందు కనిపిస్తోంది. "వదినా, తప్పైపోయింది. కాళ్లట్టుకుంటాను. నిన్ను క్షమించేనే గంగాలూ అని ఒక్క మాట అను. రేపు నీళ్లలోకి దిగే ముందు ఆ మాట నాకు కావాల."

"గోడ పడనీ, సూద్దాం."

"క్షమించడానికీ గోడకీ ఏటి సంబంధం?"

"మరేటి సంబంధం నేదా? అమ్మోరు కట్టమందని కట్టేం. అననేదని నువ్వే సెప్పేవు. ఇంకెందుకు గోడ? ఈ రోజుతో ఒకటే పొయ్యి. రేపు నువ్వు మునిగొచ్చీసరికి అన్నం నానే వండుతాను. నీ పులుసులో సింతపండు నానే ఏత్తాను. నీకెప్పుడూ సాలదు."

చింతపండు అనేసరికి గంగాలమ్మ గోడ నుంచి మొహం వెనక్కి తీసుకుంది. కాపురానికి వచ్చిన కొత్తలో నాలుగేళ్లు ఆ వదినతో ఒకే పొయ్యి దగ్గర పడిన పాట్లు ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఏ కూర దించినా వదిన వచ్చి మూత తియ్యాల్సిందే, ఓ చుక్క నాలుక మీద వేసుకుని పెదవి విరవాల్సిందే, గుప్పెడు చింతపండు పిసికి పొయ్యాల్సిందే. నాలుగేళ్లలో గంగాలమ్మ వండిన కూర గంగాలమ్మ కూరలాగా ఎవరి కంచంలోకీ వెళ్లలేదు.

"వద్దొదినా, గోడుండనీ!" అనేసింది.

అన్న తరువాత గాని తనేమందో ఆమెకు తెలియలేదు.

చంద్రిక గుమ్మంలోంచి పకాలున నవ్వింది. "అత్తా! నువ్వు సారీ సెప్తన్నావా, స్టే ఆర్డరు అడుగుతన్నావా?"

నూకాలుకు కూడా నవ్వొచ్చింది గాని, అవతలి నుంచి చప్పుడు ఆగిపోవడంతో మింగేశాడు. గునపం పడలేదు. మాట కూడా లేదు. చిట్టమ్మ తిడితే పేటలో ఎవరూ భయపడరు, అది రోజూ ఉండేదే. చిట్టమ్మ ఊరుకుంటేనే కంగారు.

నూకాలు వీధి చుట్టూ తిరిగి అక్క ఇంట్లోకి వెళ్లి, గునపం తెచ్చేసి, తన అరుగు మీద పెట్టి దాని మీద కూర్చున్నాడు. "మీ ఇద్దరికీ ఏదో ఒక మాట కుదిరిందాకా ఇది ఎవులికీ ఇవ్వను," అని మళ్లీ వల చేతిలోకి తీసుకున్నాడు.

గంగాలమ్మ పులుసులోంచి సున్నం పెచ్చు తీసి పారేసింది. పులుసు కూడా పారబోసింది. కొంగు బిగించి పాస్టర్ గారింటికి బయల్దేరింది.

* * *

ఉదయ్‌కుమార్ పాస్టర్ గారు ఆదివారం తప్ప వారమంతా ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. అప్పుడే రాత్రి షిఫ్టు దిగి వచ్చి, హెల్మెట్టు బండికి తగిలించి, రేపటి బాప్తిస్మం తెల్లబట్టలు తీగ మీద ఆరేస్తున్నారు.

"రండి గంగాలమ్మ గారూ. నిన్న మీ సాక్ష్యం విని మూడు వీధుల వాళ్లు నాకు ఫోన్లు చేశారు."

ఆవిడ మొహం వెలిగింది. "ఎవులైనా మారుమనస్సు పొందేరేటండీ?"

"లేదమ్మా. సౌండు తగ్గించమన్నారు."

గంగాలమ్మ అరుగు మీద కూలబడింది. పొద్దుటి నుంచి జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెప్పి, అసలు ప్రశ్న అడిగింది. "గోడ పడకపోతే నాకు రేపు బాప్తిస్మం ఇవ్వరాండీ?"

"ఇవ్వనని ఎవరన్నారు?"

"ఎవులూ అననేదు. నానే అడుగుతన్నాను."

"మీ రక్షణకి ఆ గోడ వెల కాదమ్మా. గోడ పడగొట్టి మీరు దాన్ని కొనుక్కోలేరు. ప్రభువు సిలువ మీద మీ కోసం ఊరికే ఇచ్చాడు, మీరు చెయ్యి చాపి తీసుకున్నారు. అంతే."

"అయితే గోడుండొచ్చు."

"ఉండొచ్చు."

గంగాలమ్మ గట్టిగా ఊపిరి వదిలి లేచింది. దండం పెట్టి, గేటు దాకా వెళ్లింది. గేటు గడియ మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి వచ్చి కూర్చుంది.

"మరి నాకెందుకండీ ఇంకా మనసొప్పట్నేదు?"

పాస్టర్ గారు నవ్వి, చేతిలో తడిబట్ట తీగ మీద వేసి వచ్చి ఎదురుగా కూర్చున్నారు. "ఎవరిదో కోడిని పట్టుకొచ్చేశారనుకోండి. కూర వండేశారు. ఆ ముక్క నములుతూనే ప్రభువా క్షమించు అని ఏడుస్తున్నారు. ఆయన దయగలవాడు, క్షమిస్తాడు. కానీ ఆ నోట్లో ముక్క మాటేమిటి?"

"వండీసిన కోడిని ఏటి సేత్తామండీ? మల్లీ ఎగురుతాదా?"

"ఎగరదు. అయినా మీకు మింగుడు పడడం లేదు. అందుకే గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చారు."

గంగాలమ్మ తల వంచుకుంది. తరువాత, మైకులో ఇరవై నిమిషాల్లో చెప్పని ముక్క చెప్పింది.

"పెళ్లై నాలుగేళ్లైనా నాకు పిల్లల్నేరండీ. మా పాప అనూరాధ ఆ తరువాత పుట్టింది. అప్పటికి మా వదిన కూతురు సెంద్రికకి రెండేళ్లు. నాను దానికి గోరుముద్దలు పెడతన్నాను. అది నవ్వుకుంటా తింటంది. మా వదినొచ్చి నా సేతిలో గిన్నె లాగీసింది. 'కడుపు పండనోల్ల సేతి ముద్ద నా పిల్లకి పడదు' అంది. అలాగని పొయ్యి కాడికెల్లిపోయింది. అంతే. ఆ మాట ఆవిడికి గుర్తు కూడా ఉండదు. మూడు నెల్లకి అమ్మోరి పండగొచ్చింది. నాను జుట్టిరబోసుకున్నాను."

పాస్టర్ గారి మొహంలో నవ్వు పోయింది. "ఈ మాట మీ వదినతో ఎప్పుడైనా అన్నారా?"

"నేదండీ."

"నిన్న సాక్ష్యంలోనూ చెప్పలేదే?"

"అది ఆవిడ పాపం గదండీ. నాది నాను సెప్పుకున్నాను. ఆవిడిది నాకెందుకు?"

"మరి ఇన్నేళ్లూ ఆమెతోనే ఎందుకు అనలేదు?"

"అంటే ఏడుత్తాదండీ. మా వదిన నోరే పెద్దది గానీ మనసు కాదు. ఏడ్సి, తప్పైపోయిందే గంగాలూ అనీత్తాది." ఆమె చీర అంచు వేలికి చుట్టుకుంది. "అనీసిందంటే ఇంక నా కాడేటి మిగుల్తాదండీ? తప్పంతా నాదే అయిపోతాది గదా."

తీగ మీద తెల్లబట్టలు గాలికి టపటపలాడుతున్నాయి. వాటిలో పెద్ద సైజుది గంగాలమ్మది.

"ముందు వెళ్లి మీ వదినతో సమాధానపడి రండి అని నేను చెప్పాలి," అన్నారు పాస్టర్ గారు. "ఎలా పడాలో మాత్రం నాకు తెలియదమ్మా, నిజంగానే తెలియదు. రేపు ఆరింటికి నేను నీళ్ల దగ్గర ఉంటాను. గోడ ఉన్నా, పడినా ఉంటాను."

* * *

గంగాలమ్మ ఇంటికి వచ్చేసరికి నూకాలు ఇంకా గునపం మీదే కూర్చుని ఉన్నాడు.

"లే."

"ఎందుకు?"

"లేవయ్యా అంటే!"

"మీ ఇద్దరికీ మాట కుదిరిందా?"

"కుదరనేదు. ఇటు నుంచి నాను పడగొడతాను."

నూకాలు నోరు తెరిచాడు. పొద్దున ఒకామె కూల్చుతానంటే ఈమె వద్దంది. ఇప్పుడు ఆమె ఊరుకుంటే ఈమె కూల్చుతానంటోంది. ఆడవాళ్ల మధ్య గోడదేవుడి పూజారికి విలువ లేదని అతనికి అర్థమైపోయింది. లేచి గునపం ఇచ్చేశాడు. "ఒక్క నిమిషం ఆగు," అని గోడకు ఓ దండం పెట్టి, "తల్లీ, ఇందులో నా తప్పేటీ నేదు" అని చెప్పుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఇరవై ఏళ్లు నెత్తి మీద చేపల గంప మోసిన మనిషి గంగాలమ్మ. మొదటి దెబ్బకే పొద్దుటి బీట నోరు తెరిచింది. మూడో దెబ్బకు ఇటుక ఊడి అవతల పడింది. మరో నాలుగు దెబ్బలకు తల పట్టేంత కంత అయింది. ఆ కంతలోంచి చిట్టమ్మ మొహం కనిపించింది. ఆమె పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని ఇటే చూస్తోంది. పొయ్యి మీద ఏమీ లేదు.

కుళాయి దగ్గర, బజార్లో, బస్సులో రోజూ చూసుకునే మొహమే. కానీ వంటింట్లోంచి వంటింట్లోకి చూసుకుని పద్దెనిమిదేళ్లైంది. గంగాలమ్మకు ఎందుకో సిగ్గేసింది.

"ఒకటే పొయ్యి వదినా," అంది రొప్పుతూ. "సింతపండు నువ్వే ఎయ్యి. గుప్పెడెయ్యి, రెండు గుప్పెళ్లెయ్యి. నానేటీ అనను."

చిట్టమ్మ నవ్వలేదు. "నూకా, నువ్వు బయటికెల్లు," అంది.

"నా ఇంట్లోంచి నన్నే..." అని గొణుగుతూ నూకాలు అరుగు మీదికి వెళ్లాడు.

చిట్టమ్మ లేచి కంత దగ్గరికి వచ్చింది. "నాకు ఆ రోజే తెలుసే," అంది.

"ఏటి తెలుసు?"

"నీకు అమ్మోరు రానేదని."

గంగాలమ్మ చేతిలోంచి గునపం జారి కింద పడింది.

"నువ్వు కళ్లు పైకెట్టీసి ఊగుతన్నావు. పేటంతా నీ నోరే సూత్తంది. నానూ నీ నోరే సూత్తన్నాను, సెడ్డదాన్ని, పిల్లని సూడనేదు. మా సెంద్రి కర్పూరం పల్లెం కాడికి పోయి సెయ్యి సాపీసింది. నువ్వు ఊగుతానే సేత్తో దాన్ని ఎనక్కి లాగీసేవు. లాగీసి మల్లీ ఊగేవు. నిజంగా పూనకమొచ్చినోల్లకి అయ్యన్నీ తెలుత్తాయేటి?"

"మరి... మరెందుకు సెప్పనేదొదినా?"

"సెప్తే? అమ్మోరి పేరు మీద అబద్ధమాడిందని పేట నిన్ను ఉంచునా? అప్పటికింకా నీ కడుపున కాయ నేదు. పుట్టింటికి తోలీసి, నూకాడికి ఇంకో పిల్లని సూద్దురు. నా పిల్ల సెయ్యి కాలకుండా లాగినదాన్ని నాను ఈదిలో పెట్టమంటావా? అందుకే, అమ్మోరి మాటేనని అందరి కంటే ముందు ఆ గోడకి బొట్టెట్టింది నానే. నిన్న నువ్వే మైకులో సెప్పీసేవు. ఇంక నాను నమ్మినట్టు ఉండక్కర్నేదు. అందుకే పొద్దున్నే గునపమట్టుకున్నాను."

గంగాలమ్మ కంతకు ఇంకా దగ్గరికి జరిగింది. తన పాపాన్ని ఇంకొకరు మోశారని ఆరు నెలలుగా మందిరంలో వింటోంది, పాడుతోంది, ఏడుస్తోంది. పక్క వంటింట్లో వదిన కూడా దాన్ని మోస్తోందని ఇప్పుడే తెలిసింది. ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది.

"క్షమించడమంటావా," అంది చిట్టమ్మ, "అప్పుడే అయిపోయింది. నిన్న కొత్తగా సేసిందేటీ నేదు. రేపు సముద్రం కాడికి వత్తాను. నీ ప్రభువు సంగతి నాకు తెల్దు. నువ్వు మునిగి లేసీసరికి పొడి తువ్వాలు పట్టుకుని ఒడ్డున ఉంటాను. సాలా?"

"సాలొదినా, సాలు, సాలు!"

"ఆగు. నాకో మాట కావాల." చిట్టమ్మ గొంతు తగ్గింది. ఆ గొంతు అలా తగ్గగలదని గంగాలమ్మకు తెలియదు. "అమ్మోరి పేరు సెప్పి మరీ నా కాడ నుంచి పారిపోయేవంటే, నాను నీకేదో సేసుంటాను. ఏటి సేసేనే? పద్దెనిమిదేళ్లు ఆలోసించేను. సింతపండేమో అనుకున్నాను. సింతపండుకి ఎవులైనా గోడ కట్టుకుంటారేటి? నాకు దొరకనేదు. నువ్వు సెప్పు."

గంగాలమ్మ వదిన మొహంలోకి చూసింది. నిజంగానే తెలియదు ఆమెకు. వంటలో ఉప్పు వేశానో లేదో మరిచిపోయినంత తేలిగ్గా మరిచిపోయింది. ఇప్పుడు చెబితే ఈ మొహం ఏమైపోతుందో గంగాలమ్మకు తెలుసు. ఇన్నేళ్లూ తనను కాపాడిన మనిషికి తానిచ్చేది అదా?

"ఏటీ నేదొదినా, నీ తప్పేటీ నేదు" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చేసింది. ఎంత మంచి మాట! ఆ ఒక్కటీ అనేస్తే వదిన నవ్వుతుంది, తువ్వాలు పట్టుకుని ఒడ్డుకు వస్తుంది, రేపు అందరూ ఒకే కుండలోని అన్నం తింటారు. ఎవరికీ ఏ నష్టమూ లేదు. పద్దెనిమిదేళ్ల కిందట కూడా ఎవరికీ ఏ నష్టమూ లేదనే అనుకుంది.

"సెప్పవేటే?" అంది చిట్టమ్మ.

"ఉందొదినా," అంది గంగాలమ్మ. "కూకో. సెప్తాను."

చిట్టమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, కింద పడిన ఇటుకల మీద నెమ్మదిగా కూర్చుంది.